ఫాక్‌లాండ్ దీవులు ఎవరివో చెప్పే ముందు తేదీ చెప్పండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. బ్రిటన్ పాలిస్తున్న, అర్జెంటీనా మావేనంటున్న ఫాక్‌లాండ్ దీవులు అర్జెంటీనా తీరానికి సుమారు 500 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి, బ్రిటన్‌కేమో 12,000 కిలోమీటర్ల పైమాటే. మ్యాపు చూస్తే అర్జెంటీనావి అనిపిస్తుంది, చరిత్ర చదివితే తల తిరుగుతుంది, అక్కడి జనాన్ని అడిగితే మాకు బ్రిటనే కావాలంటారు. ఈ మూడింట్లో దేని మాట చెల్లాలి?

నేను సివిల్ లాయర్ని. గోదావరి జిల్లాల కోర్టుల్లో 30 ఏళ్లుగా భూమి దావాలే నాకు అన్నం పెడుతున్నాయి. మధ్యలో కొన్నేళ్లు లా పిల్లలకు అంతర్జాతీయ న్యాయం పాఠం కూడా చెప్పాను. అందుకని ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడటం అలవాటైపోయింది. గట్టు తగాదాకూ దేశాల తగాదాకూ పోలిక బాగానే కుదురుతుంది, కాకపోతే సగం దూరమే. ఆ తర్వాత సగంలోనే అసలు చిక్కంతా ఉంది.

మా ఆఫీసుకు వచ్చే క్లయింటు చేతిలో ఒక ప్లాస్టిక్ సంచీ ఉంటుంది. అందులో తాతగారి దస్తావేజు, మడతల దగ్గర చిరిగిన శిస్తు రసీదులు, వీఆర్వో దగ్గర తీయించిన అడంగల్ నకలు. కూర్చోగానే "ఆ చేను మా ఇంటి వెనకాలేనండీ" అని మొదలుపెడతాడు. కాసేపటికి "మా తాత కొన్నాడండీ" అంటాడు. చివర్న "ఇప్పుడు దున్నుతున్నది మేమేనండీ" అంటాడు. మీరు చెప్పిన మూడు వాదనలూ అవే: భూగోళం, చరిత్ర, నివాసం. నేను మూడూ విని ఒక్కటే అడుగుతాను, ఏ సంవత్సరం నుంచి అని. ఆ జవాబును బట్టే దావా నిలుస్తుందో లేదో సగం తెలిసిపోతుంది. దేశాలు కూడా తమకు కలిసొచ్చే తేదీ దగ్గర గడియారం ఆపి, అక్కడి నుంచి కథ చెబుతాయి.

ముందు దగ్గరితనం సంగతి తేల్చేద్దాం, ఇందులో పెద్ద పని లేదు.

ఫిలిప్పీన్స్‌లోని మిండనావోకూ ఇప్పటి ఇండోనేషియాకూ మధ్య సముద్రంలో పాల్మాస్ అనే చిన్న దీవి ఉంది. 1898లో స్పెయిన్ ఓడిపోయి ఫిలిప్పీన్స్‌ను అమెరికాకు రాసిచ్చినప్పుడు, ఒప్పందంలో గీసిన హద్దుల లోపలే ఆ దీవి పడింది. కాగితం ప్రకారం అది అమెరికాది. 1906లో లియొనార్డ్ వుడ్ అనే అమెరికా జనరల్ ఆ దీవిని చూసిపోదామని ఓడలో వెళ్లాడు. వెళ్లేసరికి అక్కడ డచ్చి జెండా ఎగురుతోంది. కొన్న పొలం చూసుకోవడానికి వెళ్తే అందులో పక్కవాడి నాట్లు కనిపించినట్టయింది పాపం. తగాదా మధ్యవర్తిత్వానికి వెళ్లింది. స్విట్జర్లాండ్‌కు చెందిన మాక్స్ హూబర్ 1928లో తీర్పు చెప్పాడు. తనకు లేని హక్కును స్పెయిన్ ఇంకొకరికి రాసివ్వడం కుదరదన్నాడు. మొదట కనిపెట్టడం వల్ల వచ్చేది అసంపూర్ణమైన హక్కేనన్నాడు. దగ్గరగా ఉందన్న ఒక్క కారణంతో దీవి సొంతం కాదన్నాడు. ఎవరు నిరాటంకంగా, నిరంతరంగా అక్కడ ప్రభుత్వం నడిపారో వాళ్లదే దీవి. నెదర్లాండ్స్ గెలిచింది. ఇప్పుడు దాన్ని మియాంగాస్ అంటారు, ఇండోనేషియాలో ఉంది. దీవిలో కొన్ని వందల మంది ఉండేవాళ్లు. మీరేమంటారని వాళ్లనెవరూ అడగలేదు. దాని సంగతి తర్వాత.

దగ్గరితనం వాదనను ఒప్పుకుంటే మొదట ఇబ్బంది పడేది మనమే. అండమాన్ దీవుల ఉత్తరపు కొస మయన్మార్‌కు చెందిన కోకో దీవులకు ఎంత దగ్గరో ఒకసారి మ్యాపులో చూడండి. నికోబార్ దక్షిణపు కొస నుంచి సుమత్రా వైపు దూరం 200 కిలోమీటర్లు కూడా లేదు. మన ప్రధాన భూభాగం మాత్రం పోర్ట్ బ్లెయిర్‌కు (ఇప్పటి శ్రీ విజయపురం) 1,000 కిలోమీటర్ల పైనే. అయినా అండమాన్ ఎవరిదన్న అనుమానం ఎవరికీ లేదు.

అలాగని భూగోళానికి పనేమీ లేదని కాదు. దీవి ఎవరిదో తేలాక దాని చుట్టూ 200 నాటికల్ మైళ్ల సముద్రం మీద హక్కులు వస్తాయి. ఫాక్‌లాండ్‌ల విషయంలో అక్కడే డబ్బుంది. ఒకప్పుడు గొర్రెల ఉన్నే అక్కడి కొద్దిమంది జనానికి జీవనాధారం. 1986లో దీవుల చుట్టూ బ్రిటన్ చేపల వేట మండలం ప్రకటించాక, స్క్విడ్ పట్టుకునే విదేశీ ఓడలకు లైసెన్సులిచ్చి ఆ కొద్దిమంది బాగా సంపన్నులయ్యారు. అంటే, దగ్గరగా ఉండటం వల్ల ఆశ పుడుతుంది, హక్కు పుట్టదు.

ఇక చరిత్ర. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్లాలి, రెండు పక్షాలూ తమ బడి పుస్తకాల్లో ఈ భాగాన్నే తొందరగా దాటేస్తాయి.

ఆ దీవుల్లో మొదట కాపురం పెట్టింది బ్రిటన్ కాదు, స్పెయిన్ కూడా కాదు. 1764లో ఫ్రాన్సు నుంచి బూగన్‌విల్ వచ్చి తూర్పు దీవిలో పోర్ట్ లూయీ కట్టాడు. సెయింట్ మాలో రేవు నావికుల పేరుమీద వాటిని మలూయిన్ అన్నారు. అర్జెంటీనా వాళ్లు ఇప్పుడు ప్రాణంలా పలికే 'మాల్వినాస్' ఆ ఫ్రెంచి మాట నుంచి వచ్చిందే. మరుసటి ఏడాదే బ్రిటిష్ వాళ్లు పడమటి వైపు దిగి జెండా పాతి, 1766లో పోర్ట్ ఎగ్మంట్ పెట్టారు. కొంతకాలం రెండు పక్షాలకూ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. 1767లో ఫ్రాన్సు డబ్బు పుచ్చుకుని తన స్థావరాన్ని స్పెయిన్‌కు ఇచ్చేసింది. 1770లో స్పెయిన్ బ్రిటిష్ వాళ్లను వెళ్లగొట్టింది, యుద్ధం దాకా వచ్చింది, 1771లో తిరిగి రానిచ్చింది. 1774లో బ్రిటన్ ఖర్చులు తట్టుకోలేక తనంతట తానే ఖాళీ చేసింది. పోతూపోతూ ఈ దీవి మాదేనని ఒక సీసపు పలక మేకు కొట్టి పోయింది.

నా క్లయింటు ఎవరైనా "అయ్యా, చేను వదిలేసి వెళ్లాను గానీ గట్టు మీద బోర్డు పెట్టాను" అంటే నేను నవ్వు ఆపుకోవాలి. అయినా పలక పూర్తిగా పనికిరానిదనీ అనలేం. వదిలేయడానికీ వదులుకోవడానికీ తేడా ఉంది. వదులుకున్నట్టు రుజువు కావాలంటే ఆ ఉద్దేశం కనిపించాలి, పలక ఆ ఉద్దేశం లేదనే చెబుతోంది.

స్పెయిన్ 1811 దాకా ఉండి వెళ్లిపోయింది. 1816లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్న కొత్త దేశం, అంటే నేటి అర్జెంటీనా, స్పెయిన్ ఆస్తి మాకు వారసత్వంగా వచ్చిందంది. 1820లో అక్కడ జెండా ఎగరేయించింది. తర్వాత హాంబర్గ్‌లో పుట్టిన లూయీ వెర్నె అనే వ్యాపారి, అడవి పశువుల మీద హక్కు తీసుకుని కాపురం పెట్టాడు. ఈయనంటే నాకు చాలా ఇష్టం. బ్యూనస్ ఎయిరిస్‌లోని అర్జెంటీనా ప్రభుత్వం ఇచ్చిన పట్టా పట్టుకుని బ్రిటిష్ కాన్సులేటుకు కూడా వెళ్లి దాని మీద ముద్ర వేయించుకున్నాడు. ఇద్దరు భూస్వాములకూ నమస్కారం పెట్టి దున్నుకునే కౌలుదారు లాంటివాడు. 1829 జూన్ 10న బ్యూనస్ ఎయిరిస్ ఆయన్ని గవర్నర్‌గా వేసింది. ఇప్పటికీ అర్జెంటీనాలో ఆ తేదీన మాల్వినాస్ దినం జరుపుతారు. అదే సంవత్సరం నవంబరులో బ్రిటన్ నిరసన తెలిపింది. 55 ఏళ్ల మౌనం తర్వాత సరిగ్గా నోరు విప్పాల్సిన సమయంలో విప్పింది. వాళ్ల లాయర్లకు ఆ ఒక్క కాగితమే పెద్ద అండ.

1833 జనవరిలో ఆన్స్‌లో అనే కెప్టెన్ క్లయో అనే యుద్ధనౌకలో వచ్చి, 3వ తేదీన అర్జెంటీనా జెండా దించి బ్రిటిష్ జెండా ఎగరేశాడు. తూటా పేలలేదు. సైనికులు ఓడెక్కి వెళ్లిపోయారు. జనాన్ని మొత్తం తరిమేశారని అర్జెంటీనా వాళ్లు చెప్పుకుంటారు గానీ, పశువులు కాసే గౌచోల్లో చాలామంది అక్కడే ఉండిపోయారు. ఎవరూ బలవంతం చేయలేదని బ్రిటిష్ వాళ్లు చెప్పడమూ అంతే ముచ్చటగా ఉంటుంది. బయట యుద్ధనౌక ఆగి ఉంది మరి.

నా అభిప్రాయం అడిగితే, 1833 జనవరి 2న ఒక కోర్టు కూర్చుని ఉంటే నేను బ్రిటన్ తరఫు బ్రీఫ్ ఇష్టంగా తీసుకునేవాణ్ణి కాదు. కానీ ఆ రోజు కోర్టు లేదు. పైగా ఆ కాలంలో బలప్రయోగంతో భూమి సంపాదించడం అంతర్జాతీయ న్యాయానికి విరుద్ధం కాదు. నాటి పనిని నాటి చట్టంతోనే కొలవాలని పాల్మాస్ తీర్పులో హూబర్ చెప్పాడు. అక్కడితో ఆగలేదు కూడా. హక్కు పుట్టడం వేరు, అది నిలవడం వేరు, కాలం మారేకొద్దీ మారిన చట్టానికి తగ్గట్టు దాన్ని నిలబెట్టుకుంటూ ఉండాలన్నాడు. ఈ రెండో ముక్కను చాలామంది వదిలేసి ఉదహరిస్తారు.

ఇక్కడే గట్టు తగాదా పోలిక తెగిపోతుంది. మన లిమిటేషన్ చట్టంలో ప్రైవేటు భూమికి 12 ఏళ్లు అని ఒక అంకె ఉంది. దేశాల మధ్య అలాంటి అంకె లేదు. ఎదుటివాడు చూస్తూ ఊరుకున్నాడా, ఎప్పటికప్పుడు నిరసన తెలిపాడా అన్నదే చూస్తారు. 1849లో బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందం తర్వాత అర్జెంటీనా గొంతు చాలా ఏళ్లు గట్టిగా వినపడలేదు. 1880ల్లో మళ్లీ లేచింది. ఆ మౌనాన్ని బ్రిటన్ ఒప్పుకోలుగా చదువుతుంది, అర్జెంటీనా చదవదు.

అసలు అనుభవం, అంటే స్వాధీనంలో ఉంచుకుని ఏలడం అంటే ఏం చూస్తారో తెలియాలంటే 2002 నాటి సిపదాన్, లిగితాన్ తీర్పు చూడండి. మలేషియా, ఇండోనేషియా మధ్య రెండు బుల్లి దీవుల తగాదా. వలస ఒప్పందాలు, పాత మ్యాపులు, సుల్తానుల వారసత్వం, అన్నీ హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం ముందు పోగయ్యాయి. ఏదీ నిలవలేదు. చివరికి మలేషియాను గెలిపించింది తాబేలు గుడ్లు. అవును, తాబేలు గుడ్లే. ఆ దీవుల్లో వాటిని ఎవరు ఏరుకోవాలో, తర్వాత మలేషియాలో కలిసిన బ్రిటిష్ ఉత్తర బోర్నియో అధికారులు నిబంధనలు పెట్టి, తగాదాలు వస్తే తీర్చారు. ఒక దీవిని పక్షుల అభయారణ్యం చేశారు. లైట్‌హౌసులు కట్టారు. మన సంచీలో శిస్తు రసీదుల్లాంటివి ఇవి. తగాదా మొదలైంది 1969లో అని కోర్టు తేల్చి, ఆ తర్వాత బలం పెంచుకోవడానికి చేసిన పనులను లెక్కలోకి తీసుకోనంది. దావా పడ్డాక రాత్రికి రాత్రి పాక వేస్తే మన కోర్టులు పట్టించుకోనట్టే. ఈ తేదీకి అంతర్జాతీయ న్యాయంలో ప్రత్యేకమైన పేరే ఉంది, నేను నిర్ణాయక తేదీ అంటాను. సగం వాదన ఆ తేదీ ఏదన్న దాని మీదే జరుగుతుంది.

ఇప్పుడు జనం సంగతి. 2013 మార్చిలో ఫాక్‌లాండ్‌లలో ఓటింగ్ జరిగింది. బ్రిటిష్ పాలనలోనే ఉంటామా అన్నది ప్రశ్న. అవునని 1,513 మంది, కాదని ముగ్గురు. ఆ ముగ్గురూ ఎవరై ఉంటారా అని ఊళ్లో చాలాకాలం ఆరా తీసి ఉంటారు, అంత చిన్న చోటు మరి.

అర్జెంటీనా జవాబు ఏమిటంటే, ఇంట్లో దిగినవాళ్లను ఇల్లు ఎవరిదని అడిగితే ఏం చెబుతారు? 1833 తర్వాత బ్రిటన్ తెచ్చి దింపిన జనానికి స్వయం నిర్ణయ హక్కు, అంటే ఎవరి పాలనలో ఉండాలో తామే తేల్చుకునే హక్కు, ఎక్కడిదని వాళ్ల వాదన. దానికి ఐక్యరాజ్యసమితి 1965లో చేసిన 2065వ తీర్మానాన్ని చూపిస్తారు. ఆ తీర్మానంలో జనం 'ప్రయోజనాలు' అని ఉంది, 'కోరికలు' అని లేదు. ఒక్క మాట తేడాతో ఆరు దశాబ్దాలుగా వాదనలు నడుస్తున్నాయి. ప్రయోజనం ఏమిటో పెద్దలు నిర్ణయించవచ్చు, కోరిక మాత్రం ఉన్నవాళ్లే చెప్పాలి. అర్జెంటీనా 1994 రాజ్యాంగంలోనూ దీవుల జనం జీవన విధానాన్ని గౌరవిస్తామనే రాసుకున్నారు, వాళ్లను అడుగుతామని రాయలేదు.

ఈ వాదనలో నాకు సగం బలం కనిపిస్తుంది, సగం మొహమాటం లేనితనం కనిపిస్తుంది. దీవులకు ఎదురుగా ఉన్న పటగోనియాను అర్జెంటీనా సైన్యం 1870ల చివర, 1880ల్లో అక్కడి మూలవాసుల మీద దండయాత్ర చేసి కలుపుకుంది. అప్పటికే ఫాక్‌లాండ్‌లలో బ్రిటిష్ కాపురాలు మొదలై 40 ఏళ్లు దాటాయి. తెచ్చి దింపిన జనమంటే ఎవరో అడగడానికి ఆ తీరం అంత మంచి చోటు కాదు. ఫాక్‌లాండ్‌లలో 1764కు ముందు స్థిరపడి ఉన్న జనమే లేరు, కనీసం అక్కడ నెట్టేయబడ్డ ఆదివాసులు లేరు.

కానీ జనాన్ని అడగాలి అన్న బ్రిటన్ సూత్రం ఎంత గట్టిదో చూడాలంటే హిందూ మహాసముద్రానికి రండి. 1965లో బ్రిటన్ చాగోస్ దీవులను మారిషస్ నుంచి విడదీసింది. 1968లో మారిషస్‌కు స్వాతంత్ర్యం ఇచ్చింది, చాగోస్ మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. ఆ దీవుల్లో ఒకటైన డియెగో గార్సియాలో అమెరికాకు సైనిక స్థావరం కావాలి, జనం లేకుండా కావాలి. అక్కడ తరాలుగా కొబ్బరి తోటల్లో బతుకుతున్నవాళ్లను కేవలం కాంట్రాక్టు కూలీలుగా రాసి, 1968 నుంచి 1973 మధ్య 1,500 మందికి తగ్గకుండా ఓడలెక్కించి మారిషస్‌కూ సీషెల్స్‌కూ పంపేశారు. వాళ్ల పెంపుడు కుక్కలను గదిలో మూసి పొగ పెట్టి చంపారు. ఇదంతా రికార్డుల్లో ఉన్నదే. తెలుగువాళ్లు తరాలుగా ఉంటున్న మారిషస్‌లో ఈ కథ రాజకీయ నాయకుల ప్రసంగాల్లో ఉంటుంది, దాని రాజధాని (ఫాక్‌లాండ్‌లలోది కాదు, పేరు ఒకటే) పోర్ట్ లూయీ మురికివాడల్లో దిగిన కుటుంబాల ఇళ్లలోనూ ఉంటుంది.

అదే ప్రభుత్వం ఒకచోట జనం మాటే వేదమంది, ఇంకొకచోట జనమే లేరంది. 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం 13-1 మెజారిటీతో, చాగోస్‌ను విడదీయడం చట్టబద్ధం కాదనీ, బ్రిటన్ పాలన వీలైనంత త్వరగా ముగించాలనీ సలహా అభిప్రాయం చెప్పింది. అక్కడా గడియారం ఆగింది 1965 దగ్గరే. ఆ రోజున కాలనీగా ఉన్న మారిషస్ మొత్తం ఒక ముక్క, దాన్ని జనం ఇష్టం లేకుండా కోయకూడదు. ఫాక్‌లాండ్‌లకు అర్జెంటీనా ఇదే అంటుంది, ముక్కను కోసింది 1833లో అని. రెండు కేసుల మధ్య 132 ఏళ్ల తేడాయే చట్టం దృష్టిలో పెద్ద తేడా అయింది, ఎందుకంటే ఈలోగా స్వయం నిర్ణయం హక్కుగా మారింది.

అడగడమంటే ఎలా అడగాలన్నదానికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది, యానాం. చుట్టూ గోదావరి నేల, జనం తెలుగువాళ్లు, పాలన ఫ్రెంచి. మ్యాపు ఒకటే చాలనుకుంటే ఇందులో ప్రశ్నే లేదు. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో ఫ్రెంచి పాలనను దింపేశారు. అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గర కిళూరులో ఫ్రెంచి ఇండియా ప్రజాప్రతినిధులు 178 మంది ఓటేశారు, 170 మంది భారత్ వైపు, 8 మంది వద్దని. నవంబరు 1న పాలన చేతులు మారింది. చట్టబద్ధమైన బదిలీ మాత్రం 1962 ఆగస్టు 16న. గమనించారా, ఇక్కడ ఓటేసింది ఎన్నికైన ప్రతినిధులు, ఇంటింటికీ తిరిగి అడగలేదు. 1956 ఒప్పందంలో ఇంకో ముక్క ఉంది, దాన్ని చాలామంది చదవరు. ఈ ప్రాంతాల ప్రత్యేక హోదాను మార్చాలంటే అక్కడి జనం అభిప్రాయం తెలుసుకున్నాకే మార్చాలి. యానాం కాకినాడకు అరగంట దూరంలో ఉండి కూడా, ఎక్కడో ఉన్న పుదుచ్చేరిలో భాగంగానే కొనసాగడం వెనక ఈ అక్షరాలు కూడా ఉన్నాయి.

ఫాక్‌లాండ్‌లను కోర్టుకు ఎందుకు తీసుకెళ్లరని మీరు చివర్లో అడిగారు. ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప అంతర్జాతీయ న్యాయస్థానం దావా వినదు. 1955లో బ్రిటన్ దక్షిణాన అంటార్కిటికా ప్రాంతాల గురించి అర్జెంటీనా మీద దరఖాస్తు పెట్టింది, అర్జెంటీనా ఒప్పుకోక అది కొట్టివేతకు వెళ్లింది. అసలు దీవుల గురించి మాత్రం ఇద్దరూ అటు చూడలేదు. ఓడిపోతామన్న భయం ఇద్దరికీ ఉందంటే నమ్మండి.

నా దగ్గరికి ఇద్దరూ కలిసి వస్తే రాజీ ఏమని రాస్తానా? కొత్తగా ఆలోచించాల్సిన పని లేదు, బ్రిటన్ మంత్రే ఒకప్పుడు రాసిపెట్టాడు. 1980లో నికొలస్ రిడ్లీ దీవులకు వెళ్లి, హక్కు అర్జెంటీనాకు ఇచ్చి, పాలన చాలా ఏళ్లకు లీజు మీద బ్రిటనే నడుపుతుందన్న ప్రతిపాదన పెట్టాడు. దీవుల వాళ్లు ఇష్టపడలేదు. డిసెంబరు 2న పార్లమెంటులో సొంత పార్టీ వాళ్లే ఆయన్ని చీల్చి చెండాడారు. 16 నెలలకు, 1982 ఏప్రిల్ 2న, అర్జెంటీనా సైన్యం దిగింది. జూన్ 14 దాకా జరిగిన యుద్ధంలో 649 మంది అర్జెంటీనా వాళ్లు, 255 మంది బ్రిటిష్ వాళ్లు, దీవుల వాళ్లు ముగ్గురు చనిపోయారు. ఆ తర్వాత లీజు మాట ఎత్తే ధైర్యం ఏ బ్రిటిష్ మంత్రీ చేయలేదు, ఫాక్‌లాండ్‌ల విషయంలో. చాగోస్ విషయంలో 2025 మే 22న సంతకం పెట్టిన ఒప్పందంలో ఉన్నది అదే: దీవుల మీద హక్కు మారిషస్‌ది, డియెగో గార్సియా 99 ఏళ్ల లీజు. అక్కడి నుంచి తరిమేసిన కుటుంబాల వారసులు కొందరు ఇప్పుడు లండన్‌కు దక్షిణంగా క్రాలీ అనే ఊళ్లో ఉంటున్నారు. మమ్మల్ని అడగలేదని మళ్లీ కోర్టుకెక్కిన చాగోస్ వాళ్లూ ఉన్నారు.